తేరును ఆపే చెక్క

మా ఇంట్లో తేరు పని ఒక చెక్కముక్కతో మొదలవుతుంది. తుమ్మచెక్క, మూరెడు పొడవు, ఒక కొస లావు, ఇంకో కొస సన్నం. ఏడాదంతా బీరువా మీద మా నాయిన పాత హెల్మెట్‌లో పడి ఉంటుంది. ఏప్రిల్ మూడో వారంలో దాన్ని కిందికి దించి, దుమ్ము దులిపి, సన్నటి కొసను బాడిసెతో నాలుగు దెబ్బలు చెక్కుతాను. తేరు ఆగాల్సిన చోట చక్రం కింద పడేది ఆ చెక్కే. ఊరేగింపు అనగానే అందరి కళ్లూ పైకి పోతాయి, స్వరూపం మీదికి, పూల మీదికి, దీపాల మీదికి. నా కళ్లు మాత్రం కిందనే, చక్రాల దగ్గర.

నాయిన బొగ్గు బాయిలో ట్రామర్. బొగ్గు నింపిన టబ్బులను పట్టాల మీద నడిపించే పని అది. బాయిలో దారి ఎక్కడా సమంగా ఉండదు, ఎక్కుడో దిగుడో ఉంటుంది. దిగుడులో నిండు టబ్బు చెయ్యి జారిందంటే ఎదురున్న మనిషి బతకడు. అందుకని చక్రం ఆకుల మధ్యకి కట్టె దూర్చి ఆపుతారు, దాని పేరు స్ప్రాగ్. "తోసుడు ఎవడైనా తోస్తడు బిడ్డా, ఆపుడు వస్తెనే ట్రామర్" అనేవాడు. రిటైరయ్యాక మా కాలనీ గుడి తేరు ఆయన మీద పడితే, అదే మాట తేరుకూ చెప్పాడు. ఆయన పోయాక చెక్క నా చేతికొచ్చింది.

మా కమాన్‌పూర్ పేరు చెబితే చుట్టుపక్కల ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆదివరాహస్వామి. బండ మీద వెలసిన ఆ స్వామికి ప్రదక్షిణలు చేసే జనాన్ని చూస్తూ పెరిగినవాళ్లం. ఇంకో దిక్కు చూస్తే రామగిరి ఖిల్లా గుట్టలు, ఇవతల ఓపెన్‌కాస్టు మట్టి దిబ్బలు. దూరం నుంచి ఏది దేవుడు పెట్టిన గుట్టో, ఏది కంపెనీ పోసిన గుట్టో పోల్చుకోవడం ఈ మధ్య కష్టంగానే ఉంది. బాయి పని కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఈ కాలనీల్లో స్థిరపడ్డవాళ్లలో మాలాంటి కతోలిక కుటుంబాలు కొన్ని. గుడి చిన్నది, జనం తక్కువ. అయినా మే 1 సాయంత్రం తేరు తీస్తాం. శ్రామికుడైన పునీత యోసేపు గారి తేరు.

యోసేపు గారికి ఏడాదిలో రెండు పండగలు. మార్చి 19 పాతది. మే 1 కొత్తది, 1955లో పోపు పన్నెండవ పయస్ ఇటలీ క్రైస్తవ కార్మికుల సభలో ప్రకటించినది. అప్పటికి మే 1 ఎర్రజెండా సొంతమై చాలాకాలమైంది. ఎనిమిది గంటల పని కోసం 1886లో చికాగోలో జరిగిన పోరాటాన్ని తలచుకుని, 1889లో పారిస్‌లో కూడిన సోషలిస్టుల మహాసభ ఆ రోజును కార్మికులకు ఇచ్చింది. ఆ 1889లోనే ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది. ఎవరూ కలిపి పెట్టిన ముహూర్తం కాదది, అయినా మా దగ్గరికొచ్చేసరికి ఎర్రజెండా, బొగ్గు, వడ్రంగి పునీతుడు ముగ్గురూ ఒకే తేదీన చేరారు. ఎర్రజెండాకు పోటీగానే రోము ఈ పండగ పెట్టిందని విమర్శ ఉంది. అందులో నిజం లేదని నేననను. కానీ పొద్దున యూనియన్ జెండా కింద నిలబడి, సాయంత్రం తేరు తాడు పట్టేవాళ్లు మా దగ్గర చాలామందే. పొద్దున నినాదాలకు గొంతు బొంగురుపోయి సాయంత్రం కీర్తనకు రానివాళ్లతోనే మా పాటల బృందానికి అసలు తంటా.

ఆ మాటకొస్తే గని కార్మికులకు పాలక పునీతురాలు వేరే ఉంది, బార్బరమ్మ. పోలండులోని సిలేసియా బొగ్గు ఊళ్లలో డిసెంబరు 4న ఆమె పండగ. ఆ రోజు నల్ల కోట్లు, ఈకల టోపీలు పెట్టుకున్న గని కార్మికుల బ్యాండు తెల్లవారకముందే కాలనీలను లేపుతూ తిరుగుతుంది. మాకు ఆమె పేరు అంతగా తెలియదు. బాయి మీద మైసమ్మ ఉంది, గుడిలో యోసేపు గారు ఉన్నారు, అంతటితో సరిపోయింది.

ఇక పని. తేరు లేచేది ఒక్క సాయంత్రమే గానీ, ఏప్రిల్ 22న జెండా ఎక్కాలి. అక్కడి నుంచి 30 దాకా తొమ్మిది సాయంత్రాలు నవదిన ప్రార్థనలు. ప్రభువు పరలోకానికి ఎక్కిపోయాక, పవిత్రాత్మ దిగివచ్చేదాకా శిష్యులూ మరియ తల్లీ ప్రార్థనలో గడిపిన రోజులను బట్టి ఆ లెక్క వచ్చింది. జెండాను ఫాదర్ గారు దీవిస్తారు, మేం మడతపెడతాం. మడతల్లో పూరేకులు పోసి, లాగితే విడిపోయే ముడి వేయాలి. ఆ ముడిని ముందురోజు మూడుసార్లు వేసి, మూడుసార్లు లాగి చూడాలి. జెండా పైకిపోయి విప్పుకోకపోతే ముసలమ్మలు అపశకునం అంటారు. శకునం కాదది, ముడి.

ఆ తొమ్మిది సాయంత్రాలూ ఒక్కో క్వార్టర్ల లైను ఒక్కో రోజు ప్రార్థన నడిపిస్తుంది. ప్రార్థన అయ్యాక పది నిమిషాలు అసలు పని. ఒక నోటుబుక్కు తీసి మే 1న ఎవరికి ఏ షిఫ్టో రాసుకుంటాం. తాళ్లకు ఇరవై నలుగురు కావాలి. మొదటి షిఫ్టు వాళ్లు సాయంత్రానికి దిగి వస్తారు, రాత్రి షిఫ్టు వాళ్లు తేరు ముగిసేదాకా ఉండి పోతారు. రెండో షిఫ్టు వాళ్లే మాకు నష్టం. పాత లిస్టులో బాగా లాగేవాళ్ల పేర్లు పక్కకు పెట్టి, నిదానస్తుల పేర్లు ముందు రాస్తాను. తేరు లాగడానికి బలం కన్నా ఓపిక ఎక్కువ కావాలి. కుర్రాళ్లను తాడు కొసన పెట్టి, యాభై దాటినవాళ్లను బండికి దగ్గరగా పెట్టడం నాయిన నేర్పిన కిటుకు. బండి వేగం దగ్గరున్నవాడి కాళ్లను బట్టి ఉంటుంది.

తర్వాత దారి. గుడి నుంచి బయలుదేరి, క్వార్టర్ల మధ్యగా, కూరగాయల అంగడి దాటి, కల్వర్టు దిగి, మళ్లీ గుడికి. కిలోమీటరున్నర లోపే. తేరు ఎత్తు ఎంతో అంత ఎత్తు బొంగు పట్టుకుని ఈ దారంతా నడవాలి, పగటిపూట. కేబుల్ టీవీ వైర్లు, ఫ్లెక్సీ తాళ్లు, వేపకొమ్మలు, ఎక్కడ తగిలితే అక్కడ రాసుకోవాలి. కరెంటు తీగ ఉన్నచోట మాత్రం బొంగు పడుకోబెట్టి, కంటితోనే చూడాలి. ఈ ఒక్క విషయంలో నేను మొండివాణ్ణి. 2022 ఏప్రిల్‌లో తంజావూరు దగ్గర కలిమేడులో రథం హైటెన్షన్ తీగకు తగిలి 11 మంది పోయారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు బండి, చేతులతో లాగుతుండగా తీగకు తగిలి ఐదుగురు పోయారు. వెదురుబొంగుతో తీగ ఎత్తి బండి దాటించే ధైర్యవంతులు ప్రతి ఊళ్లో ఉంటారు. మా తేరుకు అలాంటివాళ్లు వద్దు. తేరు నేల నుంచి 11 అడుగులు దాటదు. చట్రం మూడు, పీట రెండు, స్వరూపం నాలుగు, పైన కమాను రెండు. ఇంకో అడుగు ఉంటే ఎంత బాగుంటుందో అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటారు. పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు ఇచ్చిన రోజే లైన్‌మన్‌ను కలిసి, తేరు నడిచే గంటన్నర ఆ లైన్లకు కరెంటు బంద్ చేయమని అడగాలి. చీకట్లో కొవ్వొత్తులు ఇంకా బాగుంటాయి కూడా.

బండి సంగతి. ట్రాక్టరు పెడదామని, టాటా ఏస్ పెడదామని చాలాసార్లు అనుకున్నారు. ఇంజను బండి మనిషి నడకంత నిదానంగా పోలేదు. క్లచ్ తొక్కుతూ వదులుతూ పోతే పైన స్వరూపం ముందుకీ వెనక్కీ ఊగుతుంది. పైగా ఆ చప్పుడులో జపమాల వినబడదు. మాకు నాలుగు చక్రాల ఇనుప చట్రం ఉంది, వెల్డింగ్ తెలిసిన మా ఫిట్టర్లే చేసుకున్నది. ముందు చక్రాలు రెండూ తిరుగుతాయి, టైర్లు పాత జీపువి. బేరింగులకు గ్రీజు పెట్టి, టైర్లలో గాలి కొద్దిగా తగ్గించాలి. గాలి బిర్రుగా ఉంటే ప్రతి గులకరాయికీ పునీతుడు ఎగిరిపడతాడు.

దాని మీద వెదురు. బొంగులు కొనేటప్పుడు అంగట్లో నేను చేసే పని చూసి జనం నవ్వుతారు. ఒక్కోదాన్ని చిన్న కర్రతో కొట్టి వింటాను. బాయిలో పైకప్పును అలాగే కొట్టి చూస్తారు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే పొర విడిచింది, దాని కింద నిలబడకు. వెదురు కూడా పగిలినచోట, పురుగు తిన్నచోట డొల్లగానే పలుకుతుంది. నాలుగు గట్టి బొంగులు నాలుగు మూలలా నిలబెట్టి, రెండు అడ్డంగా, రెండు ఏటవాలుగా కట్టాలి. ఏటవాలు కర్రలు లేని పందిరి ఎంత అందంగా ఉన్నా మలుపులో పక్కకు ఒరుగుతుంది. కొబ్బరి తాడును రాత్రంతా నానబెడితే మెత్తబడి ముడి పట్టుకుంటుంది. కమానుకు సన్న బద్దలు చీల్చి, వాటినీ నానబెట్టి, నిప్పు సెగ మీద తిప్పుతూ కొంచెం కొంచెంగా వంచాలి. తొందరపడితే ఫట్‌మని విరుగుతుంది, ఎన్ని విరిచానో లెక్కలేదు. దానికి పైన కొస తేలినట్టు, చర్చి కిటికీ మాదిరి వంపు రావాలి. రెండు బద్దలు ఎదురెదురుగా వంచి పైన కలిపి కడితే వస్తుంది.

స్వరూపం ప్లాస్టర్‌ది, పాతది. పీఠం మీది నుంచి దించేటప్పుడు మెడ పట్టుకోవద్దు, చేతులు పట్టుకోవద్దు. ఒకరు పాదాల కింద, ఒకరు నడుము దగ్గర. తడిగుడ్డ తగలకూడదు, పొడిగుడ్డతో దుమ్ము తీయాలి, మడతల్లో బొగ్గు పొడి ఉంటే మెత్తటి కుంచెతో. మా దగ్గర దేవుడి బట్టల మడతల్లో కూడా బొగ్గు పొడి ఉంటుంది. కూర్చోబెట్టే పీట మీద పాత కన్వేయర్ బెల్టు ముక్క పరుస్తాం. బొగ్గు కాలనీల్లో ఆ రబ్బరు బెల్టు ముక్క లేని ఇల్లుండదు, గుమ్మం ముందు, బాత్రూంలో, గొడ్ల కొట్టంలో. దాని మీద కూర్చున్నది జారదు. తర్వాత పాత కాటన్ చీర పొడుగ్గా చింపి మూడు కట్లు, పాదాల దగ్గర, మోకాళ్ల దగ్గర, నడుము దగ్గర. ఇనుప తీగ వాడితే రంగు గీరుకుపోతుంది, నైలాన్ తాడు సాగుతుంది. చీర ఎవరిదన్న పోటీ ఒకటి ఉంటుంది. ఆ ఏడాది ఇంట్లో పెళ్లి కావాల్సిన పిల్ల ఉన్న తల్లి చీరకే మొగ్గు.

అన్నీ కట్టాక స్వరూపం ఎక్కించే ముందు, ఏప్రిల్ 30 రాత్రి ప్రార్థన అయ్యాక, రెండు బియ్యం బస్తాలు పీట మీద పెట్టి కట్టి బండిని ఒక చుట్టు తిప్పాలి. కీచుమన్నది ఎక్కడో, ఒరిగింది ఎటో, ఆ చుట్టులో తెలుస్తుంది. పిల్లలు బస్తాలకే దండం పెడతారు. పెట్టనిస్తాం.

పూల సంగతి ఆడవాళ్ల చేతిలోది, అందులో నా మాట చెల్లదు. బతుకమ్మ పేర్చిన చేతులకు పూలు వరసకట్టడం ఒకరు చెప్పనక్కర్లేదు. కింద ఆకు, దాని మీద గట్టి పూలు, పైకి పోయేకొద్దీ సున్నితమైనవి. కానీ ఎండాకాలంలో తంగేడు, గునుగు ఎక్కడివి? బంతి దొరుకుతుంది, మల్లె దొరుకుతుంది, లిల్లీ దొరుకుతుంది. ఇక్కడో తమాషా. యోసేపు గారి చేతికర్రకు లిల్లీ పూసినట్టు బొమ్మల్లో వేస్తారు, అది యూరప్ లిల్లీ, పెద్ద తెల్ల పువ్వు. మన పూల అంగడిలో లిల్లీ అంటే సన్నకాడ మీద మొగ్గలు మొగ్గలుగా ఉండే, రాత్రి వాసనేసే పువ్వు. పేరు ఒకటే, పువ్వు వేరు. మా యోసేపు గారి చేతికర్రకు అంగడి లిల్లీయే కడతాం. ఎందుకు కట్టాల్సివచ్చిందో తర్వాత చెబుతాను. పిల్లల వంతు తురాయి పూలు. మే నెలకు కాలనీ చెట్లన్నీ ఎర్రగా పూసి ఉంటాయి. దండకు పనికిరావు, రేకులు వెంటనే రాలతాయి. బుట్టలకెత్తి దారి మీద చల్లడానికి అంతకన్నా మంచి పువ్వు లేదు. పొద్దున జెండాల ఎరుపు, సాయంత్రం రోడ్డు మీద ఎరుపు. కట్టిన పూలను తడి గోనెపట్టా కప్పి నీడలో ఉంచాలి, తీసేది స్వరూపం బయటికొచ్చే నిమిషంలోనే. లేకపోతే ఎండ ఒకవైపు, బొగ్గు దుమ్ము ఒకవైపు, మల్లెలు గంటలో నల్లబడతాయి.

మా వైపు రామగుండం ఎండ గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పాలా? వేసవి వార్తల్లో ఆ పేరు వినబడని రోజుండదు. ఆ ఎండకు కొవ్వొత్తులు వెలిగించకముందే వంగిపోతాయి. ఒక ఏడు ఐదు వందల కొవ్వొత్తులు స్టోర్‌రూంలో ఉంచి, సాయంత్రం తీస్తే అన్నీ కొడవళ్లలా ఉన్నాయి. అప్పటి నుంచి కుండల్లో పెట్టి, తడి ఇసుక మీద ఉంచుతున్నాం. ఒక్కో కొవ్వొత్తికి కాగితం కప్పు అడుగున చిల్లి పెట్టి తొడగాలి. మంటకు గాలి తగలదు, మైనం చేతి మీద పడదు. లూర్దులో సాయంత్రం ప్రదక్షిణకు ఇచ్చే కొవ్వొత్తులకు కూడా ఇలాంటి కాగితం గొడుగే ఉంటుంది. ఫ్రాన్సు, స్పెయిన్ మధ్య పిరినీస్ పర్వతాల పాదాన చిన్న ఊరు లూర్దు. 1858 ఫిబ్రవరి 11న అక్కడి గుహలో బెర్నదెత్త అనే పేదపిల్లకు మరియ తల్లి కనబడిందని కతోలికుల నమ్మకం.

ఆ లూర్దు మాతే మన గుణదల మాత. ఫిబ్రవరి 9, 10, 11 మూడు రోజుల ఉత్సవానికి మా వైపు నుంచి ప్రతి ఏడూ కొన్ని కుటుంబాలు పోతాయి. రామగుండంలో రైలెక్కి విజయవాడలో దిగడమే. గుణదల కొండ మీద 1924లో మాత స్వరూపం నిలిపింది అర్లాటి అనే గురువు, అప్పుడాయన అక్కడి పునీత యోసేపు అనాథాశ్రమానికి పెద్ద. అంటే తల్లి కొండకు దారి వేసింది కూడా యోసేపు గారి ఇంటివాడే, మా తేరు కమిటీలో ఈ మాట గర్వంగా చెప్పుకుంటాం. ఇప్పుడున్న గుడి 1971లో కట్టింది. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు, సిలువ మార్గం పద్నాలుగు స్థలాల దగ్గరా ఆగి మోకరిల్లుతూ ఎక్కేవాళ్లు. నాయిన అక్కడ చూసింది వేరు. మెట్ల దగ్గర గంటసేపు నిలబడి జనాన్ని చూశాడట. ఎక్కేవాళ్లతో తిప్పలు లేదు, ఆయాసమే వాళ్లను ఆపుతుంది. తొక్కిసలాట భయమంతా దిగేవాళ్లతోనే. "దిగెటోనికి తొవ్వ ఇయ్యాలె, ఎక్కెటోడు ఎట్లన్న ఎక్కుతడు" అని వచ్చి చెప్పాడు. మా తేరు దారిలో కల్వర్టు దిగుడు దగ్గర రెండు పక్కలా మనుషులను నిలబెట్టి, మధ్య దారి ఖాళీగా ఉంచడం అప్పటి నుంచే.

మే 1 సాయంత్రం పూజ ఐదున్నరకు. కానుకల సమయంలో ఎవరి పనిముట్టు వాళ్లు పీఠం దగ్గరికి తెస్తారు. వడ్రంగి రందా, మేస్త్రి తాపీ, దర్జీ కత్తెర, బాయివాళ్ల హెల్మెట్లు, బూట్లు. క్యాప్ ల్యాంప్ తేవాలని పిల్లలకు సరదా, కానీ అది ల్యాంపు రూములో తీసుకుని, షిఫ్టు దిగగానే అక్కడే అప్పజెప్పాల్సిన కంపెనీ దీపం. మా ఇంటి నుంచి పోయేది తట్టా చెమ్మస్. చేతులతో బొగ్గు ఎత్తిన కాలంలో ఫిల్లర్ల గంప, పార అవి, మా తాతవి. ఈ తరం పిల్లలకు వాటి పేరు చెబితే నవ్వొస్తుంది. ఫాదర్ గారు అన్నిటి మీదా దీవించిన నీళ్లు చల్లుతారు.

పూజ కాగానే వరస. ముందు సిలువ, దానికి అటూ ఇటూ కొవ్వొత్తులతో పీఠసేవకులు. తర్వాత జెండాలు పట్టిన పిల్లలు, పూలు చల్లే చిన్నపిల్లలు, జపమాల చెప్పే ఆడవాళ్లు, పాటల బృందం, డప్పులు. వాటి వెనక సాంబ్రాణి, ఫాదర్ గారు, తేరు. తేరు వెనక మగవాళ్లు. కాగితం మీద ఇలా ఉంటుంది. నిజానికి పది నిమిషాల్లో అందరూ తేరు చుట్టూ చేరతారు, ముందు సిలువ ఒంటరిగా పోతూ ఉంటుంది. మైకు పట్టిన ఉపదేశి గొంతు అరిగిపోతుంది గానీ ఎవరూ కదలరు. దీనికి మందు డప్పే. డప్పువాళ్లను తేరుకు ఇరవై అడుగుల ముందు ఉంచితే సగం జనం వాళ్లతో పోతారు. దెబ్బ ఎంత నిదానమైతే నడక అంత నిదానం, అందుకని ఊరేగింపు వేగం ఫాదర్ గారి చేతిలో కాదు, డప్పు కొట్టే పెద్దమనిషి చేతిలో ఉంటుంది. ఆయన మా గుడివాడు కాదు, ఊళ్లో అన్ని పండగలకూ ఆయనే. మా పాటకు సరిపోయే దరువు మాకన్నా ఆయనకే బాగా తెలుసు.

తాళ్లు మూడు. ముందు రెండు, వెనక ఒకటి. వెనక తాడు ఎందుకని కొత్తవాళ్లు అడుగుతారు. సమమైన దారిలో అది వదులుగా నేలను రాస్తూ వస్తుంది, పట్టుకున్న ఎనిమిదిమంది కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు. కల్వర్టు దిగుడు రాగానే ముందు తాళ్లు వదులు, వెనక తాడు బిగుసు. అప్పుడు తేరును లాగేవాళ్లుండరు, పట్టేవాళ్లే ఉంటారు. మలుపు తిప్పాలంటే ముందు ఆగాలి. చెక్క వెనక చక్రం కింద పడ్డాకనే ముందు చక్రాలు తిప్పాలి, ఒక పక్క తాడు లాగి, ఇంకో పక్క వదలాలి. నేను చక్రం పక్కన వంగి నడుస్తూనే ఉంటాను, గంటన్నర. నడుము నొప్పి మూడు రోజులుంటుంది. చెక్కకు చిన్న తాడు కట్టి ఉంటుంది, చెయ్యి చక్రం కిందికి పోకుండా తాడుతో విసిరి, తాడుతోనే లాగడానికి. సన్నటి కొస ముందు, లావు కొస వెనక.

నాయిన పోయిన ఏడు తొలిసారి చెక్క నేను పట్టాను. కల్వర్టు దగ్గర ఒకామె బిందెతో నీళ్లు తెచ్చి తేరు ముందు ఆరబోసింది. బోనాలకూ జాతరలకూ పోసినట్టే, ఆమెకు యోసేపు గారైనా పోచమ్మైనా ఎదురొచ్చిన దేవుడికి చల్లదనం ఇవ్వాలి, అంతే. నేనామెను చూస్తున్నా. తడి రోడ్డు మీద చెక్క వేయడం ఒక క్షణం ఆలస్యమైంది, వేసిన చెక్క జారింది. తేరు రెండు బారలు ముందుకు దొర్లింది. వెనక తాడు వాళ్లు పట్టారు గనుక ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. స్వరూపం ఒక్కసారి ఊగి నిలబడింది, మూడు చీరకట్లూ పట్టుకున్నాయి. చేతికర్ర కొసనున్న ప్లాస్టర్ లిల్లీ మాత్రం విరిగి నీళ్లలో పడింది. అందరూ నోళ్లు తెరిచి చూస్తుంటే మా పాటల బృందంలో ఒక అక్క తన జడలోంచి లిల్లీ కాడ తీసి పైకి అందించింది. పీట మీదున్న పిల్లవాడు దాన్ని కర్రకు కట్టాడు, తేరు కదిలింది. బొమ్మలు చేసేవాళ్లతో కొత్త లిల్లీ అతికిద్దామని తర్వాత చాలామంది అన్నారు. ఫాదర్ గారు వద్దన్నారు. చెక్క అడుగున మాత్రం నేను మర్నాడే బెల్టు రబ్బరు ముక్క మేకులు కొట్టి బిగించాను. తడి మీద కూడా పట్టుకుంటుంది.

ఇళ్ల ముందు ఆగే చోట్లు ముందే రాసుకున్నవి ఎనిమిది. పోయేసరికి పదిహేనవుతాయి. మంచం పట్టినవాళ్లు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంటే ఆగకుండా ఎలా పోతాం? అక్కడ చెక్క పడుతుంది, ఫాదర్ గారు తల మీద చెయ్యి పెడతారు, చెక్క లేస్తుంది. కతోలికులు కానివాళ్లు కూడా అగరబత్తీలు, కొబ్బరికాయలు పట్టుకుని నిలబడతారు. వద్దనం. గుడికి చేరేసరికి ఎనిమిది దాటుతుంది. ఆశీర్వాదం, ఆ తర్వాత మజ్జిగ, పులిహోర. రాత్రి షిఫ్టు వాళ్లు పులిహోర టిఫిన్ డబ్బాలో పెట్టించుకుని పోతారు.

ఆ రాత్రే స్వరూపం దించాలి, మర్నాటికి ఉంచితే పిల్లలు ఎక్కుతారు. కట్లు విప్పేటప్పుడు పైనుంచి కిందికి, కట్టినదానికి ఎదురుగా. చీర ముక్కలు ఇళ్లకు పంచుతారు. వెదురు వచ్చే ఏడుకు పనికొచ్చేది పక్కన, మిగతాది పొయ్యిలకు. తాళ్లు ఎండబెట్టి చుట్టాలి.

మిగిలే పని ఒకటి, ఎవరూ చేయనిది. తేరు పోయిన దారంతా కొవ్వొత్తుల మైనం చుక్కలు చుక్కలుగా పడి ఉంటుంది. రాత్రి గట్టిపడి, పొద్దున ఎండకు మెత్తబడి, మలుపుల్లో బైకులు జారతాయి. ఒకసారి మా ఎదురింటి కుర్రాడు పాల ప్యాకెట్లతో సహా పడ్డాడు. అందుకని మే 2 తెల్లవారుజామున, ఎండ ఎక్కకముందే, ముందురోజు దీవెన తీసుకున్న మా తాత చెమ్మస్ భుజాన వేసుకుని పోతాను. దాని అంచు ఇంకా పదునుగానే ఉంది. కల్వర్టు దగ్గర మొదలుపెట్టి, తురాయి రేకులతో కలిసి అతుక్కున్న మైనాన్ని గీకి తట్టలోకెత్తుకుంటూ గుడి దాకా వస్తాను. మొదటి షిఫ్టుకు పోయేవాళ్లు బండి నెమ్మది చేసి, "ఏందే కాకా, ఇంకా బొగ్గు నింపుతున్నవా?" అని అడిగి పోతుంటారు.